చెయ్యి మారిన జాగా

మదురైలో గుండె ఆపరేషన్‌కు రోజు ఖాయమయ్యాక జానకియమ్మాళ్ రెండు అప్పగింతలు పెట్టుకుంది. బీరువా తాళాలు తమ్ముడి కొడుకు శరవణకుమార్ పెళ్లాం కార్తికకు ఇచ్చింది. అది నిలబడ్డ చోటే అయిపోయింది. రెండోది తన రాతకాగితాలు. వాటికోసం విరుదునగర్ నుంచి స్నేహితురాలు సౌడమ్మను పిలిపించింది. దానికి ఒక పూట పట్టింది. ఆ పూటంతా ఆమెకు విసుగే.

కాగితాలు మూడు అట్టపెట్టెల్లో ఉన్నాయి. అవి అగ్గిపెట్టెల బండళ్లు వచ్చే పెట్టెలు. కోవిల్‌పట్టిలో అట్టపెట్టె కావాలంటే అగ్గిపెట్టెలదో పల్లీ మిఠాయిదో దొరుకుతుంది. మిఠాయి పెట్టెకు ఎన్నేళ్లయినా చీమలు వదలవు కనక జానకియమ్మాళ్ ఎప్పుడూ మొదటివే ఏరుకునేది. ఒక పెట్టెలో చిన్న పత్రికల్లో అచ్చయిన తమిళ కథల కత్తిరింపులు. ఇంకోదాంట్లో సంపాదకుల కార్డులు, వాటిలో ఎక్కువ భాగం కథ తిప్పి పంపినవే. మూడోదాంట్లో ఆత్మకథ, పొడుగు తెల్లకాగితాల మీద నీలి సిరాతో. పుట్టిన ఊరు పుదూరు పక్క నల్లరేగడి పల్లెలో మొదలై, చదువు, ఉద్యోగం, పెళ్లి, మొదటి కథలు అన్నీ దాటి 1994లో ఆగిపోయింది. ఒక పేజీ మధ్యలో ఆగింది. కింద సగం తెలుపు.

"ఇది ముగియలేదు, సౌడూ," అంది జానకియమ్మాళ్.

"తెలుసు మే. ఎన్నాళ్లుగా ముగియలేదో కూడ తెలుసు."

"నేను తిరిగి రాకపోతే ఇది చెదలకు పోకూడదు. మా శరవణకుమార్ మంచోడే. అయితే కాగితం కనపడితే పాత పేపరోడిని పిలుస్తాడు."

"పిలవనే అత్తా," అంది వంటింట్లోంచి కార్తిక.

"పోయిన దీపావళికి నా రామాయణం వాడికి ఏసేస్తివి కదే."

"దాంట్లో సగమే ఉండింది అత్తా."

"దీంట్లో కూడ సగమే ఉండాది. అందుకే చెప్తా ఉండాను." జానకియమ్మాళ్ మూడో పెట్టెను సౌడమ్మ వైపు తోసింది. "తీసుకో. నువ్వు చూస్కో. ఇంకెవరికి ఇచ్చేది."

సౌడమ్మ తీసుకోలేదు. వట్టి చేత్తో ఇయ్యకూడదంది. ఒక తమలపాకు, వక్క, ఇంత పసుపు పెట్టి ఇయ్యమంది. ఇంట్లో తమలపాకు లేదు. జానకియమ్మాళ్‌కు ఆకులూ వక్కలూ అంటే మొదటినుంచీ చిరాకు. ఆస్పత్రికి పోయే మనిషి చేత ఏదో శాంతి చేయిస్తున్నారనుకుంది. కార్తిక వీధి చివరి కొట్టుకు పోయి ఆకు తెచ్చేదాకా ఇద్దరూ పెట్టెకు చెరోపక్క కూర్చున్నారు. ఆకు వచ్చాక పెట్టె మీద పెట్టి ఇచ్చింది. సౌడమ్మ రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది. ఆటోలో పెట్టెలు మూడూ ఎక్కించేటప్పుడు కూడా ఆ ఆకు కింద పడకుండా పట్టుకుంది. అదేమిటని జానకియమ్మాళ్ అడగలేదు. అప్పటికి ఆమె ఆలోచన అంతా ఆపరేషన్ మీదే.

వాళ్ల స్నేహం విరుదునగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో మొదలైంది. చదువు తమిళంలో, మాట తమిళంలో. ఆ మేడలో ఇంటిమాటగా తెలుగు ఉన్నది ఈ ఇద్దరికే. తెలుగు చదవడం, రాయడం ఇద్దరికీ రాదు. మాట్లాడడమే. జానకి పొలం ఉన్న ఇంటి పిల్ల. వాళ్ల తెలుగులో ఎద్దులూ గుంటకలూ వానలూ ఉండేవి. సౌడమ్మ అరుప్పుకోట్టై మగ్గాల వీధి పిల్ల. ఆమె తెలుగు జానకికి సగం పాటలాగా వినపడేది. ఒకరి మాటను ఒకరు వెక్కిరించుకుంటూ రెండేళ్లు గడిపారు. వార్డెను ఆ భాషలో తననే తిడుతున్నారనుకునేది. ఒక్కోసారి అది నిజమే.

తరవాత జానకి కోవిల్‌పట్టిలో ఒక బడిలో తమిళ టీచరు అయింది. వ్యవసాయ శాఖ ఆఫీసులో క్లర్కు హరికృష్ణన్‌ను పెళ్లి చేసుకుంది. పిల్లలు లేరు. బడి, ఇల్లు, మధ్యలో కథలు. కథలకు కొంచెం పేరు వచ్చింది. కొంచెమే. కోవిల్‌పట్టి టీకొట్లలో పుస్తకాల గురించి మాట్లాడుకునే మగవాళ్లు ఆమెను "టీచరమ్మ, బాగా రాసేది" అనేవాళ్లు. 1994 తరవాత ఆ మాట అలాగే నిలిచిపోయింది, రాసేది అని. ఆ తరవాత ఆమె ఏమీ రాయలేదు. ఎవరడిగినా ఇంట్లో కుదరదు అనేది. ఎనిమిదేళ్ల కిందట హరికృష్ణన్ పోయాక ఆత్మకథ మొదలుపెట్టింది. దానిని 1994 దాకా నడిపించింది. అక్కడినుంచి నాలుగేళ్లుగా ఒక్క వాక్యం కదల్లేదు. పొద్దున లేచి ఆ సగం పేజీ ముందు కూర్చునేది. సాంబారుకు వేళయ్యాక లేచేది.

సౌడమ్మ పెళ్లి చేసుకోలేదు. చేనేత సహకార సంఘంలో ఉద్యోగం చేసి రిటైరయి విరుదునగర్‌లోనే ఉండిపోయింది. జానకి కథ అచ్చయినప్పుడల్లా మొదటి కార్డు ఆమెదే. కథ నచ్చకపోతే కార్డులో కథ మాట ఎత్తకుండా వానల గురించి రాసేది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఛాతీ ఎముక కోసి కట్టారు. దగ్గినా తుమ్మినా ఒక దిండు రొమ్ముకు అదుముకోవాలని చెప్పి పంపారు. ఇంటికి వచ్చిన రెండు నెలలకు జానకియమ్మాళ్‌కు ఓపిక వచ్చింది. ఓపిక రాగానే కాగితాలు గుర్తొచ్చాయి. ఫోను చేసింది.

"ఉండాయిలే. యాడికి పోతాయి," అంది సౌడమ్మ.

వారం తరవాత మళ్లీ చేసింది.

"ఇంకా కొంచెం పని ఉండాది మే."

"పనా? పెట్టెల్లో నీకేం పని?"

"నువ్వు నెమ్మదిగా ఉండు. నీకు కోపం కూడదని డాక్టరు చెప్పలేదా?"

మూడోసారి చేస్తే ఫోను ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తి, కుక్కర్ కూస్తోందని పెట్టేసింది. కుక్కర్ చప్పుడేమీ వినపడలేదు.

శరవణకుమార్ కారులో తీసుకుపోతానన్నాడు, ఆదివారం. ఆదివారం దాకా ఆగలేక జానకియమ్మాళ్ దిండు సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. సాత్తూరు దాటేదాకా గుంత వచ్చిన ప్రతిచోటా దిండు అదుముకుంది. పక్క సీటు ఆవిడ, "బిడ్డా?" అని అడిగి, దిండు చూసి నోరు మూసుకుంది.

సౌడమ్మ ఇల్లు ఒక మిరపకాయల గోడౌను మీద మేడ. మెట్లెక్కేసరికే తుమ్ములు మొదలయ్యాయి. జానకియమ్మాళ్ గుమ్మంలో దిండు పట్టుకుని నాలుగుసార్లు తుమ్మింది. ఒక్కో తుమ్ముకూ ఎముక విడిపోతున్నట్టే ఉంది. సౌడమ్మ తలుపు తీసి లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టి నీళ్లిచ్చింది.

"చెప్పి రాకూడదా. కింద ఈరోజు మూటలు విప్పినారు."

"చెప్తే నువ్వు ఇంట్లో ఉండవు. కాగితాలు యాడ?"

కాగితాలు బల్ల మీదే ఉన్నాయి. ఒత్తుగా, అంచులు సరిచేసి, మీద ఒక రాయి బరువు పెట్టి ఉన్నాయి. తను ఇచ్చినప్పటికంటే దొంతర ఎత్తుగా ఉంది. జానకియమ్మాళ్ రాయి తీసి కిందినుంచి కొన్ని కాగితాలు లాగింది. అదే పొడుగు కాగితం. అదే నీలి సిరా. పేజీ సంఖ్యలు తను ఆపిన చోటినుంచి ముందుకు సాగుతున్నాయి. తను సగం వదిలిన పేజీలోనే, తను వదిలిన వాక్యం కిందే, సౌడమ్మ గుండ్రటి తమిళ అక్షరాలు మొదలయ్యాయి.

'ఆ ఏడాది నా కలం ఆగిపోయింది. దానిని ఆపింది నా భర్త. ఆయన చెడ్డవాడు కాడు. కాని ఇంటి ఆడదాని పేరు పత్రికలో కనపడడం ఆయన కాలం మగవాళ్లకు మింగుడుపడని విషయం. నేను ఎదురు చెప్పలేదు. అన్నం వార్చినట్టు నా కథలను వార్చేసుకున్నాను.'

జానకియమ్మాళ్ రెండుసార్లు చదివింది. వాక్యాలు బాగున్నాయి. బాగుండడం వల్ల ఇంకా ఒళ్లు మండింది.

"ఎవరు ఈ 'నేను'?"

"నువ్వే."

"నేను యాడ రాస్తిని దీన్ని?"

"నువ్వు రాయలేకపోతివి. అందుకే నాకు ఇస్తివి. నేను ముగించినాను." సౌడమ్మ ఎదురుగా కూర్చుంది. గొంతులో గర్వం దాచుకోలేదు. "పూర్తిగా చదువు. చెయ్యి మారిన జాగా ఎవరికీ కనపడదు. అంత జాగర్తగా కలిపినాను. సోమవారం డీటీపీ వాడికి ఇచ్చేది. అచ్చు శివకాశిలో. రేటు కూడ మాట్లాడేసినాను."

"ముగించమని నీకు ఎవరు చెప్పిరి? దాచమంటిని నేను."

"ఆకు పెట్టి ఇస్తివి కదా."

"ఆకు అడిగింది నువ్వు!"

"ఇచ్చింది నువ్వు." సౌడమ్మకు ఇందులో గొడవ ఏముందో అర్థం కావడం లేదు. "మా వీధిలో మగ్గం మీద పడుగు సగంలో ఉండంగానే మనిషి పడకన పడితే ఏం చేస్తారు? పడుగును అట్లే ఉంచేదానికి కాదు కదా. ఆకు వక్క పెట్టి ఇంకొకరికి ఇస్తారు. అట్ల ఇస్తే, ఇంక నా చెయ్యి కాదు నీ చెయ్యి అని. తీసుకున్నోడు ముగించల్ల. కోసి దించేదాకా అది వాడి పని. మా నాయనకు కామెర్లు వస్తే మా చిన్నాయన ముగించినాడు. మా నాయన లేచి వచ్చినాక కూడ ఆ మగ్గం మీద కూర్చోలేదు, అది దిగేదాకా. లేచినోడు వచ్చి 'జరుగు, నేను నేస్తాను' అంటే నేసినోడి మొగాన ఉమిసినట్టు."

"ఇది చీర కాదు సౌడూ."

"తెలుసు. చీర అయింటే నెలలో ముగించుందును."

జానకియమ్మాళ్‌కు నవ్వు రావలసిన చోట దగ్గు వచ్చింది. దిండు అదుముకుని దగ్గింది. దగ్గు తగ్గేదాకా సౌడమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. ఆ చెయ్యి తీసేయాలని జానకియమ్మాళ్‌కు అనిపించింది, తీయలేదు.

"ఇది అబద్ధం," అంది ఊపిరి అందాక.

"ఏది?"

"ఆయన ఆపలేదు."

"నువ్వే కదే చెప్తివి. ఎన్నిసార్లు అడిగితిని నిన్ను, యాల రాయవు యాల రాయవు అని. ఇంట్లో కుదరదు అంటివి. ఇంట్లో ఇంక ఎవరు ఉండారు? పిల్లలా, అత్తా? నాకు కనపడదా? ఇరవై ఏళ్లు ఆ మనిషిని చూసి నవ్వుతా కాపీ తాగినాను, నీ కోసరం. లోపల మండతా ఉండింది. ఇప్పుడు పోయినాడు కదా, ఇంక రాసేస్తే ఏం అనుకుంటిని. మెల్లగానే రాసినాను. చెడ్డోడు కాడు అని కూడ పెట్టినాను."

"ఆ ఒక్క మాటే నిజం."

కింద గోడౌనులో మూట ఒకటి నేలమీద పడిన చప్పుడు. మిరప ఘాటు కిటికీలోంచి వచ్చింది. సౌడమ్మ లేచి కిటికీ మూసింది.

జానకియమ్మాళ్ చెప్పడం మొదలుపెట్టింది. దిండు ఒళ్లోనే ఉంది. చెప్తున్నది కథలాగా రాలేదు, ఫిర్యాదులాగా వచ్చింది.

హరికృష్ణన్ ఆమెను ఎప్పుడూ రాయొద్దనలేదు. రాయమన్నాడు. వేకువనే లేచి కాఫీ పెట్టి బల్ల దగ్గర ఉంచేవాడు. పెన్సిళ్లు చెక్కేవాడు. జీతం రాగానే కొన్న మొదటి వస్తువు ఆమెకు బల్లదీపం. కాఫీ పెట్టి వెళ్లేవాడు కాడు, వెనకాల నిలబడి "ఎంతదాకా వచ్చింది?" అని అడిగేవాడు. ఆమె చూపేది. ఆయన అక్కడే చదివేవాడు. చదివి, చాలా బాగుంది అని, ఒక చిన్న మాట చెప్పేవాడు. చివర ఆ పిల్లను చంపేస్తే జనానికి పట్టుకుంటుంది కదా అని. ఆ మామను ఇంకొంచెం మంచోడిగా చేస్తే పాపం అనిపిస్తాడు కదా అని. తప్పు మాటలు కావు. ఆఫీసుకు కార్బన్ కాపీ తీసుకుపోయి పక్క క్లర్కులకు చదివి వినిపించేవాడు. ఇంటికి చుట్టాలొస్తే కథలో మనుషుల గొంతులు పెట్టి చదివేవాడు, చదివి అర్థం చెప్పేవాడు. చుట్టాలు మిక్చర్ తింటూ వినేవాళ్లు. ఆమె వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడేది. ఒక ఏడాదికి, రాయబోయే వాక్యం బుర్రలో పుట్టకముందే ఆయన గొంతులో వినపడసాగింది. కళ్లు నొప్పి అని చెప్పి మానేసింది. ఆయన సెలవు పెట్టి కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. అద్దాలు మార్పించాడు. చచ్చిపోయేదాకా ఆ బల్ల దుమ్ము తుడిచి, పెన్సిళ్లు చెక్కి ఉంచాడు.

"ఇది ఎట్ల రాసేది చెప్పు," అంది జానకియమ్మాళ్. "కొట్టినాడు అంటే రాయొచ్చు. తాగినాడు అంటే రాయొచ్చు. కాపీ పెట్టినాడు అని ఎవరిమీద ఫిర్యాదు రాసేది? చదివినోళ్లు నా మొగానే ఉమిస్తారు. నాలుగేళ్లుగా ఈ సగం కాగితం ముందు కూర్చుని ఉండాను. నువ్వు వచ్చి, ఆయన్ని పత్రికలంటే గిట్టని మొగుడిని చేస్తివి. ఆ మనిషి నా పేరు నాకంటే పెద్దగా చెప్పుకున్నాడు."

"నాకు ఒక మాట చెప్పుంటే—"

"చెప్తే నువ్వు కార్డు రాస్తావు, ఇట్ల రాయి అని. బాగుండే కార్డు."

సౌడమ్మ చేతుల్లోకి చూసుకుంది. "అంటే నేను కూడ ఆ మనిషి చేసిందే చేసినాను," అంది.

"అదే చేస్తివి."

అంత గట్టిగా అనాలని జానకియమ్మాళ్ అనుకోలేదు. అన్నాక వెనక్కి తీసుకోనూ లేదు.

సౌడమ్మ లేచింది. దొంతర తెరిచి, జానకి కాగితాలు ఒకపక్క, తన కాగితాలు ఒకపక్క విడదీసింది. సగం పేజీ దగ్గర ఆగింది. పైన జానకి అక్షరాలు, కింద తనవి. లోపలి గదిలోకి పోయి కత్తెర తెచ్చి, ఆ పేజీని రెండు వరసల మధ్య అడ్డంగా కత్తిరించింది. పై ముక్క జానకి దొంతర మీద పెట్టింది. పెట్టెలో సర్దింది. ఆటోవాడికి ఫోను చేసింది.

"తినేసి పో. పరోటా తెప్పిస్తాను, నూనె లేకుండ."

"పరోటాను నూనెలో ముంచి వేయించే విరుదునగర్లో నూనె లేని పరోటానా?"

"అడిగి చూస్తాను."

"వొద్దు."

పెట్టెలు ఆటోలోకి మోసింది సౌడమ్మే. ఆఖరు పెట్టె చేతికి ఇచ్చేటప్పుడు ఆకు మాట ఎత్తలేదు. "వట్టి చేత్తోనే ఇస్తా ఉండాను. మా వాళ్లలో ఇట్ల ఎవరూ తిరిగి ఇయ్యలేదు," అంది. తన కాగితాలు మాత్రం పైనే ఉంచుకుంది.

జానకియమ్మాళ్‌కు కావలసింది చేతికి వచ్చింది. ఇంటికి వచ్చి బల్ల ముందు కూర్చుంటే మళ్లీ అదే తెలుపు. ఇప్పుడు సగం పేజీ కూడా లేదు, కత్తిరించిన అంచు. పైగా సౌడమ్మ రాసిన వాక్యం తలలో తిరుగుతోంది, అన్నం వార్చినట్టు కథలను వార్చేసుకున్నాను. మిగతా పేజీల్లో ఏం రాసిందో చదవకుండానే వచ్చేసినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. ఆ అబద్ధాన్ని ముందు పెట్టుకుని ఒక్కో వాక్యాన్నీ కొట్టేసుకుంటూ పోతే నిజం రాయడం సులువనిపించింది. మూడో రోజు ఫోను చేసింది.

"ఆ కాగితాలు పంపు."

"యాల?"

"తప్పు యాడయాడ ఉండాదో చూసి రాయల్ల."

"నీ పడుగు నీకు ఇచ్చినాను. నేను నేసింది నాది. పంపను."

"నా కత అది."

"నీ కత కాదంటివి కదా. అబద్ధం అంటివి. అబద్ధం నాదే, నా దగ్గర ఉండనీ," అని సౌడమ్మ ఫోను పెట్టేసింది. ఈసారి కుక్కర్ సాకు కూడా చెప్పలేదు.

జానకియమ్మాళ్ ఆ వారమంతా కార్తిక మీద విసుక్కుంది. సాంబారులో ఉప్పు ఎక్కువంది, తక్కువంది. శరవణకుమార్ బల్ల దగ్గరికి వచ్చి "రాస్తా ఉండావా అత్తా?" అంటే, "లేదు, ముగ్గేస్తా ఉండాను," అంది. కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టబోయిన కార్తికతో, ఇకమీదట కాఫీ వంటింట్లోనే పెట్టాలని, తనే వచ్చి తాగుతానని చెప్పింది. ఇంత చిన్నమాట ముప్పై ఏళ్ల కిందట ఎందుకు నోట రాలేదో ఆమెకు అర్థం కాలేదు. దానికీ ఒళ్లు మండింది.

తరవాతి సోమవారం, డీటీపీకి పోవలసిన రోజున, ఒక వాక్యం రాసింది. కొట్టేసింది. మళ్లీ అదే రాసింది. రాసి ఫోను తీసుకుంది. ఎందుకు తీసుకుందో తనకే తెలియలేదు. ఆ వాక్యాన్ని ఒక్కసారి ఎవరికైనా వినిపించాలి. ఆ వినేవాళ్లు సౌడమ్మ తప్ప ఎవరూ కనపడలేదు.

"ఏంది?" అంది సౌడమ్మ.

"ఒకటి రాసినాను. విను. ఊరికే విను."

"చదువు."

"నా భర్త నన్ను రాయొద్దని ఒక్కరోజూ అనలేదు. అని ఉంటే రాసేదాన్నేమో."

అవతల కింద గోడౌనులో ఎవరో తుమ్మడం వినపడింది.

"ఊఁ," అంది సౌడమ్మ.

"ఊఁ అంటే? బాగుండాదా, బాగలేదా?"

"ఊఁ అంటే ఊఁ. నేనేమైనా చెప్తే నీ మొగుడిని అయిపోతాను."

"సౌడూ, ఒక మాట చెప్పేదానికి ఏం పోతాది నీకు?"

"చెప్పను. తరవాతది చదువు."

"తరవాతది లేదు. అంతే రాసినాను."

"అయితే రాసినాక పిలువు," అని సౌడమ్మ ఫోను పెట్టేసింది.

జానకియమ్మాళ్ చేతిలోని ఫోనును కొంతసేపు కోపంగా చూసింది. మళ్లీ చేద్దామనుకుంది. చేస్తే ఎత్తదని తెలుసు. ఫోను బోర్లా పెట్టి, దిండు కుర్చీ వెనక్కి తోసి, కాగితం మీదికి వంగింది.